మీకు తెలుసా? పెట్టెలో వచ్చే యుద్ధవిమానాలు

చిత్తూరు జిల్లా పూతలపట్టు అంగళ్లలో బియ్యం, బెల్లం, ఎరువులు, ఫోన్ రీఛార్జీ అన్నీ దొరుకుతాయి గానీ యుద్ధవిమానం కిట్టు దొరకదు. ఆర్డర్ పెడితే కొరియర్‌లో వస్తుంది. పెట్టె తెరిస్తే విమానం ఉండదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కున్న వంద చిల్లర ముక్కలు, ఒక బొమ్మల కాగితం, గుర్తులు అచ్చేసిన చిన్న షీటు ఉంటాయి. అక్కడినుంచి పని మనది. ఈ పని చేసేవాళ్లు మన జిల్లాలో తక్కువే. అయినా ఈ బొమ్మ విమానాలకూ మన ప్రాంతానికీ ఉన్న చుట్టరికం చాలామంది అనుకునే దానికంటే దగ్గరిది.

పెట్టె మీద 1/72 అని ఎందుకు ఉంటుంది?

అసలు విమానంలో 72 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక సెంటీమీటరు అవుతుందని దాని అర్థం. 70 కాదు, 75 కాదు, సరిగ్గా 72 ఎందుకంటే, ఈ లెక్క అడుగులు, అంగుళాల కాలంలో పుట్టింది. ఆరడుగులంటే 72 అంగుళాలు. అంటే ఆరడుగుల మనిషి బొమ్మలో ఒక్క అంగుళం ఉంటాడు. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ కంపెనీ 'పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ కిట్లు తెచ్చినప్పుడే ఈ కొలత పట్టుకుంది. 1950ల్లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ను చిన్న సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మడంతో ఇంటింటికీ చేరింది. 1/48లో బొమ్మ ఇంకా పెద్దది, 1/144లో సగానికి సగం చిన్నది. కింది అంకె పెరిగేకొద్దీ విమానం తగ్గుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

బడిపిల్లలు అమెరికా నౌకాదళానికి 5 లక్షల విమానాలు చేశారా?

అంత పెద్ద పనే అప్పగించారు. 1942 మొదట్లో అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూలు పిల్లలను 5 లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమని అడిగింది. ఆకాశంలో వచ్చేది మనదా, శత్రువుదా అని గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి అవి కావాలి. వాటికీ 1/72 కొలతే పెట్టారు. బొమ్మను 35 అడుగుల దూరంలో పెట్టి చూస్తే, 2,520 అడుగుల అవతల ఎగురుతున్న అసలు విమానం ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. అంటే దాదాపు అర మైలు. గుర్తుపట్టడంలో పొరపాటు జరిగితే సొంత మనుషుల ప్రాణాలే పోతాయి కాబట్టి నల్లరంగు పూసిన ఆ చెక్కముక్కలు ఆటవస్తువులు కావు, పాఠ్యపుస్తకాలు.

చిత్తూరు జిల్లా ఉన్న ప్రెసిడెన్సీ పేరు బ్రిటిష్ యుద్ధవిమానాలకు ఎందుకు పెట్టారు?

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. రెండో ప్రపంచయుద్ధంలో విరాళాలు పోగుచేసి విమానాలకు ఇవ్వడం వలస దేశాలన్నిటా జరిగింది. 5,000 పౌండ్లు ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద దాత పేరు రాసేవారు. ఇంకా పెద్ద మొత్తం ఇచ్చిన ప్రాంతాల పేర్లను స్క్వాడ్రన్లకే పెట్టారు. అలా బ్రిటిష్ వాయుసేనలో 79, 234, 264 స్క్వాడ్రన్లు మూడూ 'మద్రాసు ప్రెసిడెన్సీ' స్క్వాడ్రన్లు అయ్యాయి. వాటిని నడిపినవాళ్లు మద్రాసు వాళ్లు కారు. పేరు మాత్రం మనదే.

వీటిలో 234 స్క్వాడ్రన్ 1940 వేసవిలో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు ఆకాశంలో పోరాడింది. ఆ పోరులో గొప్ప పైలట్లుగా పేరు తెచ్చుకున్న బాబ్ డో, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పాట్ హ్యూస్ ఇద్దరూ ఇందులోవాళ్లే. హ్యూస్ 1940 సెప్టెంబరు 7న చనిపోయాడు.

264 స్క్వాడ్రన్ కథ ఇంకా విచిత్రం. వాళ్లది డిఫయంట్ అనే విమానం. దానికి ముందుకు కాల్చే తుపాకీ ఒక్కటీ లేదు. పైలట్ వెనక గిరగిరా తిరిగే గుండ్రటి గది ఉంటుంది, అందులో ఒక గన్నర్, నాలుగు తుపాకులు. 1940 మేలో డన్‌కర్క్ మీద జర్మన్ పైలట్లు దీన్ని మామూలు హరికేన్ యుద్ధవిమానం అనుకుని వెనకనుంచి వచ్చి నాలుగు తుపాకుల నోట్లో పడ్డారు. కొన్నాళ్లకే గుట్టు తెలిసిపోయింది. ఎదురుగా, కిందనుంచి వచ్చి కొట్టడం మొదలుపెట్టారు. ఆగస్టుకల్లా నష్టాలు భరించలేక డిఫయంట్లను పగటి పోరు నుంచి తప్పించి రాత్రి కాపలాకు మార్చారు.

ఈరోజు డిఫయంట్ కిట్టు ఏ కంపెనీది తీసుకున్నా, అందులో 264 స్క్వాడ్రన్ వాడిన 'పీ', 'ఎస్' అక్షరాల స్టిక్కర్లు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎక్కడో అచ్చయిన ఆ అక్షరాలను తడిపి విమానం పక్కన అంటించేటప్పుడు, పక్కనే ఒక చీటీ మీద 'మద్రాసు ప్రెసిడెన్సీ' అని తెలుగులో రాసి పెట్టుకుంటే తప్పేమీ లేదు. పెట్టుకోవాలి కూడా.

నిజాం తలపాగా స్పిట్‌ఫైర్ల దాకా ఎలా వెళ్లింది?

మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు కానుకగా ఇచ్చాడు. ఒక్కో విమానం మీద అది నిజాం కానుక అని రాయించారు. స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు అలా వచ్చింది. 1939లో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన మర్నాడే, సెప్టెంబరు 4న, జర్మనీ యుద్ధనౌకల మీద బాంబులు వేయడానికి వెళ్లిన బ్లెన్‌హైమ్ విమానాల్లో ఈ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. తర్వాత 152 స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అనీ, 253కు 'హైదరాబాద్ స్టేట్' అనీ పేర్లు వచ్చాయి.

152 స్క్వాడ్రన్ ముద్రలో ఉన్నది నిజాం తలపాగానే. వీళ్లు యుద్ధం చివరి ఏళ్లలో బర్మాలో స్పిట్‌ఫైర్లు నడిపారు. ఆ విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. ఈ బొమ్మలు చేసే మోడలర్లకు ఆ చిరుత మహా ఇష్టం. దాన్ని అంటించడం కష్టమని తెలిసి కూడా వెతికి కొంటారు. సన్నటి తోక అంటించేటప్పుడు ముడుచుకుపోతుంది. వేలితో కాకుండా తడి కుంచెతో తోక కొసనుంచి మొదలుపెట్టి సర్దాలి.

బర్మాలో విమానాల గుర్తు నుంచి ఎరుపు ఎందుకు పోయింది?

బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తుకు నడిమధ్యన ఎర్రచుక్క ఉండేది. జపాన్ విమానాలకు గుర్తే ఎర్రటి గుండ్రం. గాబరాలో ఎరుపు కనబడగానే కాల్చేస్తారన్న భయంతో ఈ వైపు యుద్ధరంగంలో ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్యలో లేతనీలం పెట్టారు. భారత వాయుసేన విమానాలూ అదే వేసుకున్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొద్దికాలం అశోకచక్రం ఉంది. 1950 నుంచి మన మూడు రంగుల గుండ్రం స్థిరపడింది. బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యన ఆకుపచ్చ. కాబట్టి 1944 నాటి భారత విమానం మీద మూడు రంగులు అంటిస్తే అది చరిత్ర తప్పినట్టే.

అంటించే జిగురు అసలు జిగురే కాదు

కిట్టు ముక్కలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. దీనికి వాడే పల్చటి సిమెంటు రెండు అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. కరిగిన అంచులు ఒకదాన్లో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతాయి. ఆ అతుకు ఇక విడిపోదు. అందుకే పొరపాటున వేలు తగిలితే వేలిముద్ర విమానం మీద శాశ్వతంగా పడుతుంది. కారు పెయింటు షెడ్డులో వాడే ఘాటు థిన్నరుకూ ఇదే గుణం ఉంది, మరీ ఎక్కువగా ఉంది. రంగు పల్చన చేయడానికి అది పోస్తే రెక్క మీద గీతలన్నీ కరిగిపోతాయి.

అయితే ఆ షెడ్డుకు వెళ్లడం దండగ కాదు. 1000, 1500 నంబరు వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు అక్కడ దొరికేవే ఇక్కడ పనికొస్తాయి. చిత్తూరులోనో తిరుపతిలోనో కారు తలుపు నున్నగా చేసే మేస్త్రీ పక్కన ఒక గంట నిలబడితే తడి కాగితంతో ఎంత తేలికగా రుద్దాలో అర్థమవుతుంది. విమానం రెండు సగాలు కలిసిన చోట గీత పోగొట్టడానికి కావలసింది సరిగ్గా ఆ చెయ్యి వాటమే.

వెంట్రుకంత మందం ఎంత పెద్ద తప్పు?

రంగు పొర 0.1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి. దాన్ని 72తో హెచ్చవేస్తే అసలు విమానం మీద 7.2 మిల్లీమీటర్ల రంగు ఉన్నట్టు. బొమ్మ రెక్కలో 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటే అసలు విమానంలో దాదాపు సెంటీమీటరున్నర, వేలు దూరేంత. అందుకే మంచి మోడలర్లు కుంచెతో ఒకేసారి దట్టంగా వేయరు. పల్చటి పూతలు రెండు మూడు వేస్తారు, లేదా గాలితో రంగును తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్ వాడతారు. రంగునూ అసలుకంటే ఒక పిసరు లేతగా చేస్తారు. దూరంగా ఉన్న వస్తువు గాలిపొర వల్ల వెలిసినట్టు కనిపిస్తుంది కదా, బొమ్మను చూసే కంటికి ఆ దూరం కల్పించాలి.

మన ఎండల్లో ఇంకో చిక్కుంది. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ పట్టుకుంటే నీళ్లరంగు తుంపర విమానం మీద పడేలోపే దారిలో ఆరిపోతుంది. ఉపరితలం ఇసుకకాగితంలా గరుకవుతుంది. తెల్లవారుజామున వేయడమే దీనికి మందు. పూర్తయిన బొమ్మను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడే ప్లాస్టిక్. అంత వేడి లేకున్నా సన్నని భాగాలు ముందుగానే వంగుతాయి.

చెత్తలో వేసే చట్రం నుంచి యాంటెన్నా తీగ

ముక్కలు కత్తిరించుకున్నాక మిగిలే ప్లాస్టిక్ కాడలను స్ప్రూ అంటారు. అనుభవం ఉన్నవాళ్లు వీటిని పారేయరు. జానెడు కాడ తీసుకుని, కొవ్వొత్తి మంటకు రెండంగుళాల పైన, అంటుకోకుండా, వేళ్లతో తిప్పుతూ ఉండాలి. మధ్యలో మెరుపు వచ్చి కాడ కిందికి జారడం మొదలవుతుంది. అప్పుడు మంట మీదనుంచి తప్పించి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ నిదానంగా దూరం చేయాలి. కాడ సాగి తల వెంట్రుకంత సన్నటి దారమవుతుంది, చల్లారగానే అలాగే బిగుసుకుంటుంది. వేగంగా లాగితే తెగుతుంది, ఆలస్యం చేస్తే లావుగా మిగులుతుంది. యాంటెన్నా తీగకూ, పైనొకటి కిందొకటిగా రెక్కలుండే పాత విమానాల్లో ఆ రెక్కల మధ్య బిగించే తీగలకూ ఇదే వాడతారు. 1933లో భారత వాయుసేన తొలి స్క్వాడ్రన్ మొదలైంది నాలుగు వాపిటి విమానాలతో. అవి అలాంటి జంట రెక్కలవే, నిండా తీగలే. వాపిటి చేయాలనుకునేవాళ్లు కొవ్వొత్తి దగ్గర ఒక ఆదివారం మొత్తం గడపాల్సిందే.

రెండు చిన్న కిటుకులు

గుర్తుల షీటు పాతబడి పసుపెక్కితే పారేయొద్దు. ప్లాస్టిక్ కవరులో పెట్టి కిటికీ అద్దానికి లోపలినుంచి అతికిస్తే కొద్ది రోజుల ఎండకు పసుపు చాలావరకు విరుగుతుంది. ఎండ మనకు మేలుచేసే సందర్భం ఇది. ఇక ముందుచక్రం ఉండే జెట్ విమానాలు చాలావరకు బొమ్మగా చేసినప్పుడు తోక మీద కూర్చుంటాయి. ఎందుకంటే అసలు విమానంలో ముందు ఉండే రాడార్, యంత్రాల బరువు బొమ్మలో లేదు. ముక్కు మూసేముందే లోపల చేపల గాలానికి కట్టే సీసం గుండు ఒకటి ఇరికించాలి.

అరక్కోణంలో వాలిన 50 మీటర్ల రెక్కలు

మన చిత్తూరు సరిహద్దు దాటగానే, తెలుగు మాట ఇంకా వినిపించే తమిళ నేల మీద, అరక్కోణం ఉంది. అక్కడి నౌకాదళ విమానస్థావరం ఐఎన్ఎస్ రాజాలి 1992 మార్చి 11న మొదలైంది. దాని రన్‌వే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అంత పొడవు కావలసినవాటిలో టీయూ-142 ఒకటి. జలాంతర్గాములను వెతికే ఈ రష్యా విమానం రెక్కల కొస నుంచి కొస వరకు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. 1988 నుంచి 29 ఏళ్లు మన నౌకాదళంలో పనిచేసి, 2017 మార్చి 29న రాజాలిలోనే విరమించాయి.

వాటిలో ఒకటి విశాఖపట్నం వెళ్లింది. ముక్కలుగా విడదీసి ఆర్కే బీచ్ రోడ్డులో మళ్లీ కలిపి మ్యూజియం చేశారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. తెలుగు మోడలర్లకు ఇంతకంటే మంచి పాఠశాల లేదు. ఇంజిన్ల కింద పొగచార ఎక్కడ పట్టింది, చక్రాల గూడు లోపల ఏ రంగు, రివెట్లు ఎంత దూరానికొకటి, అన్నీ దగ్గరనుంచి చూడొచ్చు. 1/72లో దీన్ని చేస్తే రెక్కల వెడల్పు 69 సెంటీమీటర్లు దాటుతుంది. మామూలు అలమారులో పట్టదు. 1/144లో అయితే 35 సెంటీమీటర్లలోపే.

దానికి పూర్తి విరుద్ధం నాట్ యుద్ధవిమానం. రెక్కలు 6.73 మీటర్లు, 1/72లో 9 సెంటీమీటర్ల పైన కొంచెం. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణాలు విడిచి, పరమవీరచక్ర పొందినది ఈ విమానంలోనే. ఎయిర్‌ఫిక్స్ నాట్ రెండు సీట్ల శిక్షణ విమానం. సెఖోన్‌ది ఒంటి సీటుది. అది కావాలనుకునేవాళ్లు చెక్ దేశపు స్పెషల్ హాబీ కంపెనీ కిట్టు చూడాలి.

ఒకటికి ఒకటి కొలతలో చెక్క మారుత్

బెంగళూరు హెచ్ఏఎల్ మ్యూజియంలో మన దేశంలో తయారైన మారుత్ యుద్ధవిమానం ఉంది. దాన్ని తయారుచేసినది జర్మనీ ఇంజినీరు కుర్ట్ టాంక్ నేతృత్వంలోని బృందం. రెండో యుద్ధంలో ఫోకెవుల్ఫ్ 190 గీసినది ఆయనే. మారుత్ 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. కానీ దానికి ముందు, 1959లో, అదే సైజులో ఇంజిన్ లేని చెక్క గ్లైడర్ చేసి, డకోటా విమానం వెనక తాడు కట్టి పైకి లాక్కెళ్లి వదిలారు. ఆకారం గాలిలో ఎలా నిలుస్తుందో పదులసార్లు ఎగిరించి చూశాకే లోహపు విమానం కట్టారు. బెంగళూరు ఎన్ఏఎల్‌లో 1967 నుంచి నడుస్తున్న గాలి సొరంగంలోనూ పరీక్షించేది చిన్న కొలత నమూనాలనే. తేజస్ కార్యక్రమానికి సారథ్యం వహించి, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన కోట హరినారాయణ లాంటివాళ్ల వృత్తిలో మోడల్ అంటే కాలక్షేపం కాదు, విమానానికి తొలి మెట్టు.

టాంక్ గీసిన ఫోకెవుల్ఫ్‌కు ప్రపంచంలో ఏ కొలతలో కావాలంటే ఆ కొలతలో కిట్టు ఉంది. ఆయనే మన దేశానికి గీసిన మారుత్‌ను అడిగితే అంగడివాళ్లు తల అడ్డంగా ఊపుతారు. ఇది మన లోటు. ఎవరో చేసి పంపుతారని చూడడం కంటే, 3డీ ప్రింటర్లు అందుబాటుకొచ్చిన ఈ రోజుల్లో బెంగళూరు, హైదరాబాద్ కుర్రాళ్లు పట్టుకోవలసిన పని.

మొదటి కిట్టు కొనేవాళ్లకు

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం. 1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాలలో మొదలైన ఈ విభాగం ఇప్పుడు దేశమంతా ఉంది. ఎయిర్ వింగ్ లేని పూతలపట్టు లాంటి ఊళ్ల బడుల్లో కూడా సైన్సు మాస్టారు తలుచుకుంటే ఒక కిట్టుతో ఎనిమిదో తరగతికి నిష్పత్తి పాఠం చెప్పొచ్చు. 7.15 మీటర్ల రెక్కల మిగ్-21, 72తో భాగిస్తే ఎంత? పిల్లలు స్కేలు పెట్టి కొలిచి చూసుకుంటారు. 1963లో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న ఆ విమానం పేరు వినని ఇల్లు మన దేశంలో అరుదు.

మీరు కొనే మొదటిది 1/72లో, ఒకే ఇంజిన్, తక్కువ ముక్కలున్నది కొనండి. కత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. సిమెంటు, ఎనామెల్ రంగులు మూసిన గదిలో వాడొద్దు, కిటికీ తెరిచి, వీలైతే వసారాలో కూర్చోండి. ముక్కలను చట్రం మీద ఉండగానే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే అచ్చు నూనె మీద రంగు నిలవదు. అంటించేముందు సిమెంటు లేకుండా ఒకసారి కలిపి చూడండి. విశాఖ వెళ్లేవాళ్లు మాత్రం టీయూ-142 ఇంజిన్ల కింది పొగచార ఫొటో తీసుకోకుండా రావద్దు.